బాయిలో నాయన, పొయ్యి కాడ అమ్మ

కర్నూలులో మా ఇంటి పక్క ఖాళీ స్థలంలో మొన్న వేసవిలో బోరు వేశారు. పొద్దున మొదలుపెట్టిన బండి మధ్యాహ్నానికి గట్టి రాయిని తాకి, బూడిద రంగు రాతిపొడిని తడిపి తడిపి బయటికి చిమ్ముతుంటే, కిటికీలన్నీ మూసినా ఆ వాసన ఇంట్లోకి వచ్చేసింది. తొలకరికి లేచే మట్టివాసన కాదది. ఎన్నడూ వెలుతురు చూడని రాయి మొదటిసారి తడిసినప్పుడు వచ్చే, ఇనుము కలిసినట్టుండే చల్లని వాసన. చిన్నప్పుడు ప్రతి ఎండాకాలమూ మా నాయన బట్టలకు ఈ వాసనే ఉండేది.

ఆ చప్పుడు వినపడకుండా మా అమ్మాయి టీవీ శబ్దం పెంచి ఒక సినిమా పెట్టింది. ఎక్కడో మంచుదేశం సినిమా, మాటలు మాత్రం తెలుగులోకి మార్చారు. బొగ్గుగని కూలి కొందరు లోపల ఇరుక్కుపోతారు. వాళ్ళలో ఒక ముసలాయన చీకట్లోనే దేవుణ్ణి తలుచుకుంటూ ఉంటాడు, ఒక కుర్రవాడు ఆయన్ని ఎగతాళి చేస్తాడు, చివరికి గాలి తగ్గిపోతున్నప్పుడు ఆ కుర్రవాడే ముసలాయన చెయ్యి పట్టుకుని నాకూ ఆ ప్రార్థన నేర్పమంటాడు. మా అమ్మాయి కళ్ళు తుడుచుకున్నది అక్కడ. నన్ను పట్టుకున్నది మాత్రం గని బయట ఉన్న ఒకావిడ. ఊరి ఆడవాళ్ళంతా గని ముందు గుమిగూడి ఏడుస్తుంటే ఆమె ఒక్కతే ఇంట్లో ఉండి, లోపల చిక్కుకున్న భర్త బట్టలు ఉతికి తీగ మీద ఆరేస్తుంది. ఆ చలికి అవి గడ్డకట్టి అట్టల్లా బిగుసుకుపోతాయి. మరునాడు మళ్ళీ వాటినే తీసి ఉతుకుతుంది.

"ఎంత నమ్మకమో చూడు ఆమెకు" అన్నాను నేను.

కింద కూర్చుని చెనిక్కాయలు ఒలుస్తున్న మా అమ్మ తల ఎత్తకుండానే అంది: "నమ్మకమేం కాదు మే. ఆయమ్మకు శానా బయంగా ఉండాది."

నేను రిమోటు తీసుకుని సినిమా ఆపేశాను. ఎందుకంటే నేను ఆ తెర మీద చూస్తున్నది ఆ మంచుదేశపు ఆవిణ్ణి కాదు. ఆలూరు పక్కన మా ఊళ్ళో, ఉగాది ముందు వచ్చే అమావాస్య నాడు, పొయ్యి ముందు కూర్చున్న మా అమ్మను.

మాది నల్లరేగడి ఊరు. వానాకాలంలో చెప్పులు పట్టుకుని లాగే ఆ నేల, ఫాల్గుణం దాటేసరికి కాలు జారితే మడమ ఇరుక్కునేంత వెడల్పుగా నెర్రెలిచ్చేది. మధ్యాహ్నం వేడిగాలి లేస్తే పత్తికట్టెల మోపులు పొర్లుకుంటూ వీధిలోకి వచ్చేవి. ఆడపిల్లలం అరుగుల నీడ ఎటు జరిగితే అటు జరుగుతూ అచ్చనగాయలు ఆడుకునేవాళ్ళం, వేపపూలు ఏరి ఎండబెట్టేవాళ్ళం, దాహం వేస్తే అడిగి తాగేవాళ్ళం. కడవ మీద చెయ్యి వేసే హక్కు పిల్లలకు ఉండేది కాదు. పొద్దున జొన్నరొట్టె, గురుగాకు పప్పు, మధ్యాహ్నం మజ్జిగలో చిదిపిన అదే రొట్టె, పండగ వస్తే ఓళిగలు, అవే బొబ్బట్లు. బేడలూ బెల్లమూ కలిపి రుబ్బిన పూర్ణాన్ని మైదాపిండిలో పెట్టి, ఆకు మీద అరచేత్తో ఒత్తి, పెనం మీద నూనెతో కాలిస్తే వీధి చివరిదాకా వాసన పోయేది. ఎవరింట్లో ఓళిగలు మొదలయ్యాయో కళ్ళు మూసుకుని చెప్పేవాళ్ళం.

ఎండాకాలమంటే మా నాయనకు బావిలోకి దిగే కాలం. ఎండాకాలం ఇసుకే మిగిలే వాగు మా వంక, దాని అవతల మా చేను, చేన్లో తాతలనాటి బావి. తాత ఎద్దులతో కపిలి తోలి నీళ్ళు తోడిన రాతి గుంజలు అప్పటికి ఇంకా నిలిచే ఉండేవి. ఏటేటా నీళ్ళు కిందికి పోతుంటే ఏటేటా బావిని ఇంకొంచెం లోతు చేసేవాళ్ళు. నాయన అడుగున రాయి కొడుతుంటే మాబు మామ ఆ ముక్కల్ని గంపకెత్తేవాడు. పైన ఎద్దులు మోకు లాగితే గంప గిలక మీదుగా ఊగుకుంటూ వచ్చేది. అలా తోడిపోసిన మట్టీ రాళ్ళూ బావి ఒడ్డున గుట్టలా పెరిగి, వంకలో నిలబడి చూస్తే అవతల బావి దగ్గర ఎవరున్నారో కనపడేది కాదు, మాటలు మాత్రం వినపడేవి.

మాబు మామ మా పక్కింటాయన. నాయనా ఆయనా ఒకే ఏడు పుట్టారు. పీర్ల పండగకు నాయన మెడలో ఎర్రదారం వేసుకుని ఆయనతోపాటు గుండం చుట్టూ ఎగిరేవాడు. ఉగాదికి మాబు మామ మా అరుగు మీద కూర్చుని ఓళిగ మీద నెయ్యి సరిపోలేదని అమ్మతో జగడమాడేవాడు. నాయన్ను కన్న మా అవ్వకు లేని దేవుడు లేడు. ఉరుకుంద ఈరన్న, ఊరి మారెమ్మ, మహానందిలో శివయ్య, పీర్లసావిడిలో పీరు, అందరికీ ఆమె దగ్గర ఏదో ఒక మొక్కు బాకీ ఉండేది. అమ్మ మాత్రం దేవుడి గూట్లో దీపం పెట్టి, దణ్ణం పెట్టుకుని, వెంటనే పనిలోకి తిరిగేది. ఆమె ఏం కోరుకునేదో ఎవరికీ తెలిసేది కాదు.

ఆ ఏడు నాకు ఇంకా పదేళ్ళు నిండలేదు. మరునాడు ఉగాది. అమావాస్య పూట బావిలోకి దిగొద్దని అవ్వ పొద్దున్నే గడపకు అడ్డం కూర్చుంది.

"రాతిలో తేమ కనపడె నిన్న. ఇంగొక్క పొర లేస్తే నీళ్ళు. గొడ్లు నాలుకలు బయటపెడ్తాండాయి, వాటికి అమాస తెలుస్తాదా?" అన్నాడు నాయన. అవ్వను పక్కనుంచి దాటుకుని వెళ్ళిపోయాడు. అమ్మ పొయ్యి వైపు తిరిగింది. నానిన శనగబేడల్ని ఉడకేసి, నాకు రొట్టెల మూట ఇచ్చి పంపింది.

నేను బావి చేరేసరికి గిలకలో మోకు చిక్కుకుంది. దాన్ని సరిచేయడానికి మాబు మామ పైకెక్కి వచ్చాడు. నాయన కిందే ఉన్నాడు. నేను ఒడ్డున వంగి "నాయనా, రొట్టె" అని కేక వేస్తే, కింద నుంచి నవ్వుతూ చెయ్యెత్తాడు. ఆ చెయ్యి చూస్తుండగానే తూర్పు పక్క రాతికట్టు కడుపు ఉబ్బినట్టు ముందుకు వచ్చింది. పెద్ద శబ్దమేం కాలేదు. బండెడు కంకర ఒక్కసారి గుమ్మరించినట్టయింది, అంతే. ఉడికే కుండ మూత తీస్తే ఆవిరి లేచినట్టు బావిలోంచి దుమ్ము లేచింది. దుమ్ము అణిగాక చూస్తే అడుగున నాయన లేడు, రాళ్ళు ఉన్నాయి.

మాబు మామ నా భుజాలు పట్టుకుని ఊరివైపు తిప్పి తోశాడు. "పో మే! అందర్నీ పిల్చుకురాపో!"

ఎలా పరుగెత్తానో తెలియదు. వంకలో ఇసుక కాళ్ళను పట్టుకుంటున్నట్టు అనిపించడం గుర్తుంది. ఇంట్లోకి పోయి చెప్పాను. అవ్వ రొమ్ము బాదుకుంటూ వీధిలోకి పరుగెత్తింది, ఆమె కేకకే ఊరు కదిలింది. అమ్మ బేడలు వార్చుతున్న గిన్నెను కింద పెట్టింది. నా మొహంలోకి చూసింది. "నువ్వు అవ్వతో పో" అంది. నేను ఆమె చెయ్యి పట్టుకుని లాగాను, కదల్లేదు.

బావి దగ్గర మనుషులు ఎక్కువయ్యే కొద్దీ మాటలు ఎక్కువయ్యాయి. దిగాలని కొందరు, దిగితే మిగతా కట్టు కూడా కూలుతుందని కొందరు, ఆలూరు నుంచి ఎవర్నో పిలిపించాలని కొందరు. అవ్వ మట్టి తీసి నెత్తిన పోసుకుంటూ ఒక్కో దేవుణ్ణీ పేరు పెట్టి పిలుస్తోంది, అమావాస్యను తిడుతోంది. ఒకాయన నెమ్మదిగా, మంచిమాట చెప్తున్నట్టే, "ఇంగ తొందరపడి చేసేదేముందప్పా, జరిగేది జరిగిపాయె" అన్నాడు. ఆ మాట నాకు ఇప్పటికీ చెవిలో ఉంది.

మాబు మామ అప్పుడు మట్టిదిబ్బ మీదికెక్కి అరిచాడు. "నోర్మూసుకోండప్పా అందరూ! ఒక్క గడియ. ఊపిరి గూడా గట్టిగా ఇడవొద్దు!"

అంతటి గుంపూ నిలిచిపోయింది. అవ్వ కొంగు నోట్లో కుక్కుకుంది. ఎద్దు తల ఆడిస్తే గంట మోగుతుందని ఎవరో దాన్ని పిడికిట్లో పట్టుకున్నారు. మాబు మామ మెట్ల రాళ్ళ మీద సగం దాకా దిగి, గోడకు చెవి ఆనించి నిలబడ్డాడు. చేను మీద గాలి కూడా ఆగినట్టనిపించింది. నాకు నా గుండె చప్పుడే వినపడుతోంది, అది వాళ్ళకు అడ్డమవుతుందేమోనని ఎదను చేత్తో అదిమి పట్టుకున్నాను. ఎంతసేపు అలా ఉన్నామో చెప్పలేను. నిలబడ్డవాళ్ళలో ఒకరిద్దరు తల దించుకోవడం మొదలుపెట్టారు. అప్పుడు వినపడింది, కింద ఎక్కడో, రాయి మీద ఇనుము తగిలిన సన్నని చప్పుడు. ఆగింది. మళ్ళీ తగిలింది.

"ఉండాడు!" అన్నాడు మాబు మామ. అరవలేదు, ఏడుస్తూ అన్నాడు. "లోపలుండాడప్పా, గడ్డపారతో కొడ్తాండాడు!"

తరవాత తెలిసింది. కట్టు కదలడం చూసి నాయన పడమటి పక్క బండ కింద తొలిచిన గూట్లోకి దూరాడట. రాళ్ళు వచ్చి గూటి నోటిని మూసేశాయి, ఒక కాలు వాటి కింద ఉండిపోయింది.

గుంపు మళ్ళీ గోలలో పడింది కానీ ఇప్పుడది పని గోల. మోకులు తెచ్చారు, గంపలు తెచ్చారు, ఎద్దుల్ని మార్చారు. దిగేదెవరనే దగ్గర మాత్రం అందరూ ఒకర్నొకరు చూసుకున్నారు. తూర్పు కట్టులో సగం ఇంకా పైనే వేలాడుతోంది. మాబు మామ నడుముకు మోకు కట్టుకుంటుంటే ఆయన భార్య పరుగున వచ్చి ఎదురుగా నిలబడింది. చేతులు రెండూ అడ్డంగా చాపింది. ఆయన ఆమెను తప్పించలేదు. "వాడు కొడ్తాండాడు. ఇన్నాక ఈడ కూచోమంటావా?" అన్నాడు. ఆమె చేతులు దించింది.

ఆయన దిగి మొదటి గంప నిండాక నేను అమ్మకు చెప్పడానికి ఇంటికి పరుగెత్తాను. వీధి మలుపులోనే నాకు వాసన తగిలింది. నమ్మలేకపోయాను. అమ్మ పొయ్యి ముందు కూర్చుని ఓళిగలు కాలుస్తోంది. పక్క పొయ్యి మీద నీళ్ళకాగు మసులుతోంది. ఊరంతా బొట్టు బొట్టు లెక్కపెట్టుకునే ఆ రోజుల్లో కడవలోని నీళ్ళన్నీ ఆ కాగులో పోసేసింది. ఆమె కాలి వేళ్ళ మధ్య ఇసుక ఉంది, పాదంలో ముల్లు విరిగిన చోట నెత్తురు కారుతోంది. వంటింట్లో ఉన్న మనిషికి ముల్లెలా గుచ్చుకుందని అడగాలని కూడా నాకు తోచలేదు.

"నాయన బతికే ఉండాడమ్మా! సద్దు ఇనపడింది!"

అమ్మ చేతిలోని ఓళిగ పెనం అంచున పడి చిరిగిపోయింది. దాన్ని తీసి పక్కన పెట్టింది. "ఊఁ" అంది. తరవాత, "కాగు కింద ఇంగో కట్టె పెట్టు. నీళ్ళు సల్లారిపోతాయి" అంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. కట్టె పెట్టకుండానే వెనక్కి పరుగెత్తాను. బావి దగ్గర అప్పటికే ఆ కబురు చేరింది. మా వీధిలోని ఒకామె బుగ్గ మీద వేలు పెట్టుకుని, "మొగుడు బాయిలో ఉంటే ఓళిగలు కాలుస్తాండాదమ్మా, అది మనిషా, రాయా" అంటోంది. అవ్వ విన్నది. "దాని పాపమే నా కొడుకును తినేది" అని కొత్త శోకం అందుకుంది. నేను ఎవరి పక్కన నిలబడాలో తెలియక మట్టిదిబ్బ వెనక ఒక్కదాన్నే కూర్చున్నాను.

పొద్దు వాలేదాకా గంపలు వస్తూనే ఉన్నాయి. మధ్యలో ఒకసారి పైకట్టు నుంచి చిన్నరాళ్ళు జలజలా రాలాయి, అందరూ ఒక్కసారిగా "మాబూ" అని అరిచారు, ఆయన కింద గోడకు అతుక్కుపోయి బతికిపోయాడు. పైకి రమ్మన్నా రాలేదు. గూటి నోరు చెయ్యి దూరేంత తెరుచుకున్నాక ఇద్దరూ ఏదో మాట్లాడుకోవడం పైకి వినపడింది, నాయన నీళ్ళడిగాడని చెప్పుకున్నారు. ఎండ ఎర్రబడే వేళకు నాయన్ను మోకులకు కట్టి పైకి లాగారు. ఒళ్ళంతా బూడిద రంగు బురద. కళ్ళు తప్ప మనిషి గుర్తుపట్టేలా లేడు. విరిగిన కాలు వేరే ఎవరిదో అన్నట్టు వేలాడుతోంది. అవ్వ మీద పడబోతే పట్టుకున్నారు. నాయన ఒడ్డున పడుకుని ఆకాశాన్ని చూశాడు. గుంపులో ఒక్కొక్క మొహాన్నీ చూశాడు. "మీ యమ్మ యాడ?" అన్నాడు నాతో.

నులకమంచం మీద మోసుకొచ్చి ఇంటి ముందు దించితే అమ్మ బయటికి వచ్చింది. చెంబు తీసుకుని, కాగులోని నీళ్ళ వేడి చేత్తో చూసి, ముంచి, తల మీద నుంచి పోయడం మొదలుపెట్టింది. బూడిద నీళ్ళు మంచం కింద నుంచి వీధిలోకి పారాయి. వీధంతా నిలబడి చూస్తోంది. ఆమె చెంబు దించలేదు. మొహం మీద బురద పోయి నాయన నాయనలా కనపడ్డాక, ఆయన ఒక్కడికే వినపడేలా అంది: "ఇంతసేపా?"

నాయన బతకడానికి ఎవరి దేవుడు కారణమో ఊళ్ళో చాలారోజులు మాట్లాడుకున్నారు. అవ్వ ఉరుకుంద పోయి తలనీలాలిచ్చింది, పీర్లకు చక్కెర పంచింది. మాబు మామ అల్లా అన్నాడు, గడ్డపార అన్నాడు, రెండూ నవ్వుతూ అన్నాడు. నాయన కాలు వంకరగానే అతికింది, అదే కాలితో ఇంకా చాలా ఏళ్ళు సేద్యం చేసి, తన మంచం మీద, మామూలు జబ్బుతో పోయాడు. అమ్మ ఎవరికీ కొబ్బరికాయ కొట్టలేదు. ఆ బావి దగ్గరికి మళ్ళీ ఎన్నడూ పోలేదు. ఆ రోజు గురించి మాట్లాడనూ లేదు. పెద్దయ్యాక ఆమెను తలుచుకున్నప్పుడల్లా నేను నాకు నచ్చేలా ఒక కథ అల్లుకున్నాను: మా అమ్మకు భయం లేదు, భర్త వస్తాడని తెలుసు, అందుకే నీళ్ళు కాచింది. ఆ సినిమాలో బట్టలు ఆరేసే ఆవిణ్ణి చూసి ఎంత నమ్మకమో అన్నది అందుకే.

అందుకే సినిమా ఆపి అడిగాను. "ఆ పొద్దు నీకు గూడా బయమాయెనా అమ్మా?"

అమ్మ చెనిక్కాయ చిదమడం ఆపింది.

"మీరు పోయినంక నేనూ వచ్చినా మే. చెప్పులు గూడా లేకుండా వచ్చినా. వంక దాంకా వచ్చినా. ఆడ నిలబడి చూస్తే దిబ్బ అడ్డం. ఇంతమంది ఉండారే, ఒక్క మాటన్నా ఇనపడాల గదా? మీ అవ్వ ఏడుపన్నా ఇనపడాల గదా? ఏం లేదు. అంతా సద్దు మణిగిపోయిండె. అయిపాయె అనుకుంటి. కాళ్ళు రాలేదు. ఎనక్కి తిరిగిపోతి."

"అయిపాయె అనుకుని పొయ్యి ఎట్ల ఎలిగించినావు?"

"ఎలిగించకపోతే నేను గూడా ఒప్పుకున్నట్లే గదా" అంది అమ్మ.

నేను కిందికి దిగి ఆమె పక్కన కూర్చున్నాను. అప్పుడు చెప్పాను. ఆ నిశ్శబ్దం ఎందుకో, మాబు మామ అందర్నీ ఎందుకు నోరు మూసుకోమన్నాడో, ఎద్దు మెడలో గంటను పిడికిట్లో ఎందుకు పట్టుకున్నారో, ఆమె వెనక్కి తిరిగిన ఆ గడియలోనే కింద నుంచి నాయన గడ్డపార చప్పుడు ఎలా వినపడిందో. ఇన్నేళ్ళూ ఇద్దరం ఒకే ఇంట్లో ఉండి కూడా ఆ రోజును ఆమె సగం, నేను సగం పెట్టుకుని తిరిగాం. అమ్మ చాటలోని గింజల్ని వేళ్ళతో అటూ ఇటూ కదిపింది. "అట్లనా" అంది. కాయ ఒకటి తీసి, ఒలవకుండా పట్టుకుని, "అప్పుడే ఇనపడెనా" అంది. మా అమ్మాయి మా ఇద్దర్నీ మార్చి మార్చి చూస్తోంది, సినిమా తెర మీద అలాగే ఆగి ఉంది.

వానలు పడ్డాక ఒకరోజు అమ్మే అంది, చేను దాంకా పోయొద్దాం పా అని. ఊరికి పోయాం. మా చేను ఇప్పుడు చిన్నాన్న కొడుకు చేస్తున్నాడు, అంతా పత్తి. బావిని పూడ్చేసి చాలాకాలమైంది. కపిలి గుంజలు ఎవరి గోడలోకో పోయాయి, మట్టిదిబ్బను దారి వేయడానికి తోలేశారు. గంప ఎత్తేవాళ్ళూ, గిలక బిగించేవాళ్ళూ, కట్టు ఉబ్బితే గుర్తుపట్టేవాళ్ళూ ఊళ్ళో ఎవరూ మిగల్లేదు, ఇప్పుడు నేలలోకి మనిషి దిగడు, ఇనుప గొట్టం దిగుతుంది. మాబు మామ పోయాడు, ఆయన పిల్లలు ఆదోని చేరారు, పీర్లసావిడికి తాళం ఉంది. చెరిగిపోకుండా ఉన్నది వంక ఒక్కటే, అదీ సగానికి పూడి, చిన్నపిల్లలు సైతం ఒక్క అంగలో దాటేలా ఉంది.

అమ్మ వంకలో ఒక చోట ఆగింది. "ఈడనే" అంది. చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని, నా చెయ్యి అందుకోకుండా, పత్తిచెట్ల మధ్య నుంచి నడిచింది. నేను వెనకే నడుస్తూ, బావి ఉండిన చోటికి వచ్చాక "ఈడమ్మా" అన్నాను. అమ్మ నిలబడి వెనక్కి తిరిగి, తను బయలుదేరిన వంక ఒడ్డును చూసింది. మళ్ళీ కాళ్ళ కింది నేలను చూసింది.

"ఇంతేనా మే దూరం?" అంది.